రెండో పోత

కొవ్వొత్తుల కార్ఖానాలో ఆవిడని అందరూ అచ్చులమ్మ అంటారు. అసలు పేరు జీతాల పట్టీలో ఉంది గానీ, దానితో ఎవరికీ పని పడలేదు.

అచ్చుల గదిలో పొడవాటి బల్లల మీద రేకు అచ్చులు బారులు తీరి ఉంటాయి. ఒక్కో అచ్చు నడిమధ్యన వత్తి బిగుతుగా లాగి కట్టి ఉంటుంది. పక్క గదిలో కరిగిన మైనాన్ని ముక్కు చెంబులతో తెచ్చి వాటిలో పోస్తారు. పొయ్యడం ఎవరైనా పోస్తారు. పోశాక ఏం చెయ్యాలన్నది అచ్చులమ్మని అడగాలి.

మైనం చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది. అంచులు ముందు గట్టిపడతాయి. నడిమి భాగం వంతు వచ్చేసరికి అక్కడికి సరిపడా మైనం మిగలదు. పైన గుంట పడుతుంది. లేకపోతే పైకి నున్నగానే కనిపించి లోపల బోలుగా ఉండిపోతుంది. అలాంటి కొవ్వొత్తి సగందాకా వెలిగి, ఉన్నట్టుండి వత్తి వాలిపోయి ఆరిపోతుంది. అందుకని పైపొర కట్టగానే సన్నటి ఊచతో వత్తి పక్కన పొడిచి, దారి చేసి, ఇంకాస్త మైనం పొయ్యాలి. దాన్నే రెండో పోత అంటారు. ఎగ్గొట్టినా పైకి తెలియదు కాబట్టి ఎగ్గొట్టాలనే చాలామందికి ఉంటుంది. అచ్చులమ్మ బల్లల మధ్య నడుస్తూ, చల్లారిన కొవ్వొత్తిని తీసి వేలి కణుపుతో ఒక్కసారి తట్టేది. "ఇది బోలు" అని పక్కన పెట్టేది. ఎందుకు, ఎలా అని అడిగినవాళ్ళు లేరు. ఆ కణుపు చెప్పిందంటే చెప్పిందే.

గోడకి అవతల కరిగింపు గది. అక్కడి పెద్దాయనకి చూపు మందగించి చాలాకాలమైంది. కడాయిలో వేలాడే థర్మామీటరుని అచ్చులమ్మే వెళ్ళి చదివి చెప్పేది. మైనం ఎంత వేడి మీద బయటికి వస్తుందన్నదాని మీదే తక్కిన పనంతా ఆధారపడి ఉంటుంది. చల్లగా వస్తే రెండో పోత మొదటిదానికి అతుక్కోదు. ఇన్నేళ్ళుగా, వేడి ఇంకాస్త పెంచమన్న మాట గోడకి ఇవతల నుంచి అరిచి చెప్పడమే ఆవిడ వంతైంది. పెద్దాయన పని మానేస్తున్నాడని తెలిసిన రోజున, ఆ గది తనకి కావాలని ఆవిడ మొదటిసారి నోరు తెరిచి అడిగింది.

యజమాని మంచివాడే. గొంతు బొంగురు కావడం వల్ల ఏం మాట్లాడినా కసిరినట్టుంటుంది.

"నీక్కాక ఇంకెవరికిస్తాను అచ్చులమ్మా? కానీ బీమావాళ్ళు కొత్త మెలిక పెట్టారు. మంట దగ్గర బాధ్యత చూసేవాళ్ళు పది పాసై ఉండాలట. నువ్వు పాసయ్యావా?"

"అన్నీ పాసయ్యానండి. ఒక్కటి పోయింది."

"ఏది పోయింది?"

"భౌతికశాస్త్రం."

యజమాని కడాయిలో కరుగుతున్న మైనం వంక చూశాడు. ఆవిడ వంక చూశాడు. మీసం సర్దుకునే నెపంతో మూతికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"సరే. ఈసారి పరీక్షకి కట్టు. ఫలితాలు వచ్చేదాకా ఆ కుర్చీలో ఎవర్నీ కూర్చోబెట్టను. పోయిందనుకో, బయటినుంచి ఎవర్నో తెచ్చుకోవాలి. అప్పుడు నన్ననొద్దు."

"కుర్చీ ఎందుకులెండి, ఆ గదిలో కూర్చునే పనేముంది," అందావిడ.

ఇంటికొచ్చాక మాత్రం ఆ ధీమా లేదు. కోడలు ఆడపిల్లల బడిలో సరిగ్గా ఆ పాఠమే చెబుతుంది. పాలు పొంగకుండా చూసుకోవడం దగ్గర్నుంచి తను నేర్పితే నేర్చుకున్న పిల్ల. ఇప్పుడు ఆ పిల్ల ముందు పలక పట్టుకుని కూర్చోవాలి. అంట్లు తోముతూ అచ్చులమ్మ దారి వెతుక్కుంది.

"అమ్మాయ్, మీ బడిలో పెద్దవాళ్ళని చేర్చుకుంటారా?"

"ఎంత పెద్దవాళ్ళని అత్తయ్యా?"

"నా అంత."

ముందుగదిలో కుట్టుమిషన్ విప్పుకుని కూర్చున్న అచ్చులమ్మ భర్త, అంటే కోడలి మామగారి చేతిలోంచి స్క్రూడ్రైవరు జారిపడింది. ఆయన కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. కొడుకు లారీ మీద ఊళ్ళు తిరుగుతుంటాడు కాబట్టి ఇంట్లో ఉండేది ఈ ముగ్గురే.

"ఏమే, ఇప్పుడు చదివి ఏం చేస్తావు? కలెక్టరు అవుతావా?"

"మీ మిషన్ సంగతి మీరు చూసుకోండి. నూనె వెయ్యండి, దానికీ, మీ నోటికీ."

కోడలు నవ్వలేదు. చెయ్యి తుడుచుకుని లోపలికెళ్ళి పుస్తకం తెచ్చి బల్లమీద పెట్టింది.

*

మొదటి లెక్క దగ్గరే బండి ఆగింది.

"ఒక వస్తువు ద్రవ్యరాశి ఐదువందల నలభై గ్రాములు. ఘనపరిమాణం రెండువందల ఘన సెంటీమీటర్లు. దాని సాంద్రత ఎంత?" అని కోడలు చదివింది.

"ఏ వస్తువు?"

"ఏదో ఒకటి అత్తయ్యా. లెక్కకి ఆ పేరు అక్కర్లేదు."

"పేరు చెప్పని వస్తువుని నేనేం చేసుకోను? మైనమా, ఇనుమా, బెండా? చేత్తో పట్టుకుంటే కదా బరువో తేలికో తెలిసేది."

"ఇక్కడ చేత్తో పట్టుకోవడం లేదు. అది ఎంత ఉందో చెప్పారు, ఎంత చోటు తీసుకుందో చెప్పారు. మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. ఒక్క ఘన సెంటీమీటరులో ఎంత సరుకు కూరారో తేలుతుంది. అదే సాంద్రత."

అచ్చులమ్మ చాలాసేపు భాగించింది. ఆవిడ అంకెలు వెయ్యడం కూడా మైనం పోసినట్టే, ఒలకకుండా, తొందర లేకుండా ఉంటుంది. రెండు పాయింటు ఏడు వచ్చింది. కోడలు పుస్తకం వెనక ఉన్న పట్టిక తిప్పి చూపించింది. నీళ్ళు ఒకటి. మైనం సుమారు సున్నా పాయింటు తొమ్మిది. ఇనుము ఏడు పాయింటు ఎనిమిది. రెండు పాయింటు ఏడుకి ఎదురుగా అల్యూమినియం అని ఉంది.

అచ్చులమ్మ తలెత్తి అలమరలో ఉన్న గిన్నె మూతవైపు చూసింది. అదీ అల్యూమినియమే.

"అంటే, చూడకుండా, తాకకుండా, ఆ వస్తువు ఏదో పట్టేసుకోవచ్చా?"

"చాలావరకు. అందులో వేరేదేదీ కలవకపోతే, లోపల బోలు లేకపోతే."

"బోలు సంగతి నాకు వదిలెయ్," అంది అచ్చులమ్మ.

ఆ తర్వాత ఇంట్లో నీళ్ళలో మునగని వస్తువంటూ మిగల్లేదు. కోడలు బడినుంచి గీతలున్న గాజు గొట్టం, పుస్తకాల్లో కొలజాడీ అంటారు, ఒక పాతదాన్ని అడిగి తెచ్చింది. తాళంచెవి, సబ్బుముక్క, గులకరాయి ఒకదాని తర్వాత ఒకటి అందులోకి దిగాయి. నీటిమట్టం ఎంత పెరిగిందో చూడటం, వంటింటి త్రాసు మీద తూచడం, భాగించడం.

"నా బాబిన్ ఏదే?" అని మామగారు ఒకరోజు ఇల్లంతా వెతికాడు.

"జాడీలో ఉంది."

"జాడీలో ఎందుకుంది?"

"ఇనుమో కాదో చూద్దామని."

"ఇనుమే! నలభై ఏళ్ళుగా ఇనుమే!"

"మీరు తూచారా?"

ఆయన కోడలివైపు తిరిగాడు. "చూశావా అమ్మా, నువ్వు నేర్పిన చదువు. రేపు నన్ను కూడా అందులో ముంచుతుంది."

"మిమ్మల్ని ముంచితే తేలతారు," అంది అచ్చులమ్మ, అంకెల మీదనుంచి చూపు తిప్పకుండా.

కొన్ని పాఠాలు ఆవిడకి తెలిసినవే. ఘనపదార్థం కరుగుతున్నంతసేపు వేడి అందుతున్నా ఉష్ణోగ్రత పెద్దగా పెరగదని చదివినప్పుడు, "మా కడాయిలో రోజూ అదే కదా! ముద్దలున్నంతసేపు థర్మామీటరు మొరాయిస్తుంది. మంట మాత్రం తింటూనే ఉంటుంది," అంది. ఆ మంట ఎటు పోతోందో ఇన్నేళ్ళూ అర్థం కాలేదని, అణువుల మధ్య గట్టిగా ఉన్న బంధాలు విడదియ్యడానికి ఖర్చవుతోందని కోడలు చెబితే ఇప్పుడు తెలిసిందని ఒప్పుకుంది.

తెలిసిన పనే ఒకచోట ఆవిడకి అడ్డం పడింది. ప్రశ్న చిన్నది. మూత బిగించి నిండుగా నీళ్ళున్న గాజు సీసాని గడ్డకట్టేంత చలిలో పెడితే ఏమవుతుంది, కారణం రాయండి. అచ్చులమ్మ తడుముకోకుండా రాసింది. నీళ్ళు గట్టిపడేటప్పుడు ముడుచుకుంటాయి, నడుమ గుంట పడుతుంది, సీసాలో కొంత ఖాళీ ఏర్పడుతుంది.

కోడలు ఎర్రకలంతో కొట్టేసింది.

"ఎందుకు కొట్టేశావు?"

"నీళ్ళు గడ్డకడితే పెరుగుతాయి అత్తయ్యా. సీసా పగులుతుంది."

"ఏదైనా చల్లబడితే ముడుచుకుంటుంది. నేను రోజూ చూసేది ఏమిటి మరి?"

"మీరు చూసేది మైనం. చాలా పదార్థాలు అంతే. నీళ్ళ దారి వేరు. అందుకే మంచుగడ్డ నీళ్ళమీద తేలుతుంది."

"తేలేది దాన్లో గాలి ఉండి. నాకు చెప్పకు అమ్మాయ్. గట్టిపడటం అంటే ఏమిటో నా చేతులకి తెలుసు."

"పరీక్షలో మీ చేతుల్ని అడగరు."

మాట కొంచెం పదునుగానే వచ్చింది. అచ్చులమ్మ లేచింది. మామగారు చల్లటి నీళ్ళు తాగడానికి దాచుకున్న గాజు సీసా తీసి అంచులదాకా నింపింది. మూత బిగించింది. ఫ్రిజ్‌లో మంచు కట్టే పైఅరలో పెట్టి తలుపు వేసింది. తర్వాత ఒక చిన్న రేకు డబ్బా నిండా మైనం కరిగించి పోసి కిటికీ దగ్గర పెట్టింది. "పొద్దున్న చూద్దాం," అని పడుకోవడానికి వెళ్ళిపోయింది.

పొద్దున్న మామగారి కేకకి ఇద్దరూ వంటింట్లోకి వచ్చారు.

"అత్తాకోడళ్ళు మీరూ మీరూ పోట్లాడుకోండి. మధ్యలో నా సీసా ఏం చేసింది?"

సీసా నిలువునా చీలి ఉంది. గాజు పెంకుల మధ్య సీసా ఆకారంలోనే మంచు నిలబడి ఉంది. మెడ దగ్గర మూతని పైకి ఎత్తేసి బొటనవేలంత బయటికి వచ్చింది. కిటికీ దగ్గర డబ్బాలో మైనం నడుమ గుంట పడి ఉంది. అచ్చులమ్మ పెంకులు జాగ్రత్తగా తీసి ఆ మంచునీ, డబ్బానీ పక్కపక్కన పెట్టింది. ఒకటి ఉబ్బింది, ఒకటి దిగింది.

ఓడిపోయిన మనిషి ముఖం కాదు అచ్చులమ్మది. బల్లమీది సరుకంతా ఒక్కొక్కటే తట్టి చూసేటప్పుడు ఆవిడ ముఖం ఎలా ఉంటుందో అలా ఉంది.

"ఫ్రిజ్‌లోంచి ఇన్నేళ్ళుగా మంచు తీస్తున్నాను," అంది చివరికి. "ట్రే గడుల్లో పైకి ఉబ్బే ఉంటుంది. చూడలేదు. ముడుచుకుంటుందని తెలుసు కాబట్టి చూడలేదు. ఇంకా ఏమేం ఇలా తెలుసుకుని ఊరుకున్నానో."

ఆ రోజునుంచి ఏ జవాబు రాసినా, అది తనకెలా తెలిసిందో పక్కన ఒక మాట చేర్చేది. చూసింది, కొలిచింది, విన్నది. మూడింట్లో ఏదో ఒకటి.

"అది ఎవరూ అడగరు అత్తయ్యా. మార్కులు రావు."

"నన్ను నేను అడుగుతున్నాను లే."

బడిలో ఎంతోమంది పిల్లలకి ఆ పాఠం చెప్పిన కోడలు, ఆ వారం తన క్లాసులో కూడా జవాబు రాసిన పిల్లల్ని, "ఇది నీకెలా తెలుసు?" అని అడగడం మొదలుపెట్టింది. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు.

*

రాతపరీక్ష ఒక మోస్తరుగా జరిగింది. కాంతి, విద్యుత్తు ప్రశ్నలు రెండు వదిలేసి వచ్చింది. ఇక ప్రయోగపరీక్షలో మంచి మార్కులు పడితేనే గట్టెక్కుతుందని ఇద్దరూ వేళ్ళమీద లెక్క వేసుకున్నారు.

ప్రయోగశాలలో బల్లకి ఇద్దరు చొప్పున నిలబెట్టారు. అచ్చులమ్మ పక్కన రెండు జడల అమ్మాయి. ఆవిడ చీటీలో, ఇచ్చిన ఘనపదార్థం సాంద్రత కనుక్కోండి, అని ఉంది. ముందు పెట్టింది మైనం ముద్ద. వంకరటింకరగా, ఎవరో అరచేతిలో ఒత్తినట్టుంది.

చూడగానే ఆవిడకి నవ్వొచ్చింది. ఇన్ని పదార్థాలుండగా ఇదే రావాలా?

తూచింది. ముప్పై ఆరు గ్రాములు. జాడీలో వేస్తే తేలింది. తేలే వస్తువు ఎంత చోటు తీసుకుంటుందో అలా తెలియదు. ఇచ్చిన సామానులో దారం, బరువైన ఇనుప నట్టు ఉన్నాయి. ముందు నట్టుని ఒక్కదాన్నే నీళ్ళలో దించి మట్టం చూసింది. తర్వాత ముద్దకి నట్టు కట్టి, రెండింటినీ ముంచి చూసింది. తేడా నలభై ఐదు. భాగిస్తే సున్నా పాయింటు ఎనిమిది.

మైనం సున్నా పాయింటు తొమ్మిది కదా!

మళ్ళీ తూచింది. దారం విప్పి, తడి తుడిచి, ముద్దకి అంటుకున్న గాలిబుడగలు వేలితో రాల్చి మళ్ళీ ముంచింది. అదే నలభై ఐదు. అదే ఎనిమిది.

రెండు జడల అమ్మాయి ఓరకంట చూసింది. "ఆంటీ, మైనమేగా? పాయింటు తొమ్మిది రాసెయ్యండి. పట్టికలో అదే ఉంటుంది," అంది పెదవులు కదపకుండా.

అచ్చులమ్మకి ఆ అంకె కావాలి. ఆ అంకె వెనక కరిగింపు గది ఉంది. కడాయి ఉంది, గోడకి ఇవతల నుంచి అరిచిన ఏళ్ళన్నీ ఉన్నాయి. తొమ్మిది రాస్తే ఎవరూ వేలెత్తి చూపరు. ముద్దని చేతిలోకి తీసుకుంది. అలవాటుగా కణుపుతో తట్టింది. లోపల బోలుందని కణుపు చెప్పింది. ఇదివరకైతే అదే రాసేసేది. ఇప్పుడు నిలువునా చీలిన సీసా కళ్ళముందు మెదిలింది.

పరీక్షాధికారి అటుగా వచ్చాడు. కళ్ళజోడు నుదుటిమీదకి నెట్టుకున్న సన్నటి మనిషి.

"అయ్యా, దీన్ని కోసి చూడొచ్చా?"

"ఎందుకమ్మా?"

"లోపల ఖాళీ ఉందేమోనని."

"పరీక్ష సామాను కదమ్మా. మీ తర్వాత ఇంకొకరికి కావాలి. కొయ్యకూడదు."

"అయితే సరేనండి."

కూర్చుని రాసింది. వచ్చిన సాంద్రత సున్నా పాయింటు ఎనిమిది. రెండుసార్లు కొలిచాను. మైనానికి ఇది తక్కువ. లోపల బోలు ఉందని అనుమానం. కోసి చూడలేదు కాబట్టి ఉందని చెప్పలేను.

పరీక్షాధికారి కాగితం తీసుకుని నిలబడే చదివాడు. చివరి వాక్యం దగ్గర కళ్ళజోడు కిందికి దించుకుని మళ్ళీ చదివాడు.

"ఏం పని చేస్తారమ్మా?"

"కొవ్వొత్తులు పోస్తానండి."

"అలాగా," అన్నాడు. మార్కు వేసింది ఆవిడకి కనిపించకుండా కాగితం మడిచి కట్టలో పెట్టుకున్నాడు.

సాయంత్రం ఇంట్లో జరిగింది చెబితే మామగారు నెత్తి కొట్టుకున్నాడు. "వాళ్ళు అడిగింది అంకె. నువ్వు రాసింది ఉత్తరం. ఆ తొమ్మిదేదో రాసి పారేస్తే నీ సొమ్మేం పోయింది?"

"కొలిస్తే రాలేదుగా."

"అత్తయ్య రాసిందే రైటు మామయ్యా," అంది కోడలు. "కానీ దిద్దేవాళ్ళు ఎలా చూస్తారో నాకూ తెలీదు." ఆ పిల్ల అబద్ధమాడి ధైర్యం చెప్పలేదు.

ఫలితాలొచ్చేదాకా కార్ఖానాలో ఆ కుర్చీ ఖాళీగానే ఉంది. యజమాని మాట నిలబెట్టుకున్నాడు. థర్మామీటరు చదవడానికి మాత్రం అచ్చులమ్మే వెళ్ళేది.

ఫలితం కోడలు బడిలో చూసి, మధ్యాహ్నం సెలవు పెట్టి కార్ఖానాకే వచ్చింది. గుమ్మంలో నిలబడి, "పాసు!" అని అరిచింది. చేతిలో చెంబుంది కాబట్టి అచ్చులమ్మ కదల్లేదు. ఆ వరస చివరిదాకా పోసి, చెంబు దించి, అప్పుడు కోడలి దగ్గరికి వచ్చింది. మైనం చేతులతో ముట్టుకోకూడదని మోచేతులతో ఆ పిల్లని దగ్గరికి తీసుకుంది.

"రాతలో అంతంతమాత్రం," అంది కోడలు ముక్కు ఎగబీలుస్తూ. "ప్రయోగంలో ఒక్కటి తప్ప అన్ని మార్కులూ వచ్చాయి."

"ఆ ఒక్కటీ ఎందుకు పోయింది?"

"అత్తయ్యా!"

మర్నాడు యజమాని తాళంచెవి చేతికిచ్చాడు. గది తన చేతికి రాగానే అచ్చులమ్మ కడాయి వేడి పెంచుతుందని అందరూ అనుకున్నారు. పెంచలేదు. ముందు ఒక కత్తి అడిగింది. ప్రతి బల్లనుంచీ కళ్ళు మూసుకుని ఒక కొవ్వొత్తి తీసి, నిలువునా కోసి చూడాలంది.

"మంచి సరుకు పాడుచేసుకుంటామా?" అన్నాడు యజమాని, ఎప్పటి బొంగురుతోనే.

"పాడెక్కడండీ? చూశాక మళ్ళీ కడాయిలో వేస్తే మైనమే కదా."

"నీ కణుపుండగా కొయ్యడం దేనికి?"

"కణుపు ఎంతవరకు చెబుతుందో చూద్దామని."

మొదటి బల్ల ఆవిడ తన చేత్తో పోసిందే. రెండో పోత కూడా తనే పోసింది, తనే తట్టి సరేనంది. పనివాళ్ళంతా చుట్టూ మూగారు. ఆవిడ కళ్ళు మూసుకుని ఒకటి తీసింది. మళ్ళీ కణుపుతో తట్టింది. "గట్టిదే" అని, కత్తి దించింది. రెండు చెక్కలూ విడిపోయాయి. వత్తి పక్కన, పైనుంచి జానెడు కింద, పెసరగింజంత బోలు కనిపించింది. దాని గోడలు లోపలికి నున్నగా మెరుస్తున్నాయి, రెండో పోత అక్కడ అతుక్కోనేలేదు.

అచ్చులమ్మ ఆ చెక్కని వెలుతురుకి పట్టి, అటూ ఇటూ తిప్పి, చివరి మనిషిదాకా అందరికీ చూపించింది. అప్పుడు కరిగింపు గదిలోకి వెళ్ళి రెండు ముక్కల్నీ కడాయిలో వేసి, థర్మామీటరు దగ్గరికి వంగింది.

"ఇంకాస్త వేడి మీద పొయ్యాలి," అంది. "రెండో బల్లది తీసుకురండి."